మొక్కల సారాలు నొప్పికి, డిప్రెషన్‌కు పనిచేస్తాయో లేదో పరీక్షించడం ఎలా?

ఆకు సారం తాగించిన గంటకు చిట్టెలుకను వేడి పలక మీద పెట్టారు. మామూలుగా ఐదారు సెకన్లలో పాదం నాక్కునే ప్రాణి పదకొండు సెకన్లు ఊరుకుంది. నొప్పి తగ్గినట్టేనా? తగ్గి ఉండొచ్చు. లేదంటే మత్తెక్కి, కాలు చురుక్కుమంటున్నా ఎత్తే ఓపిక లేక అలా నిలబడి ఉండొచ్చు. ఇంకో సారం ఇచ్చిన చిట్టెలుకను నీళ్లలో వదిలితే ఆగకుండా ఈదింది. దిగులు పోయిందా? కెఫీన్ ఇచ్చినా అలాగే ఈదుతుంది.

మొక్కల మందుల మీద ప్రాజెక్టు చేసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఈ రెండు చోట్లే. నొప్పి పరీక్షల్లో మత్తు మనల్ని మోసం చేస్తుంది, డిప్రెషన్ పరీక్షల్లో హుషారు మోసం చేస్తుంది. కాబట్టి మంచి ఫలితం వచ్చిన రోజున, అది నిలుస్తుందో లేదో తేల్చే పని కూడా మీ నెత్తినే ఉంటుంది. ఫార్మకాలజీ ల్యాబ్‌లో మొదటిసారి ఈ పనిలో దిగుతున్న వాళ్ల కోసం, మొక్క కోయడం దగ్గర్నుంచి లెక్కలు వేయడం దాకా నేను వెళ్లే క్రమం ఇది. ఇంట్లో చేసే పని కాదు, మన మీద మనం చేసుకునే పని అంతకన్నా కాదు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లు ఏదో ఆకు మంచిదని విని ఆ మందులు మానేయకూడదు.

ఒకే మొక్కను రెండింటికీ పరీక్షించడంలో అర్థం ఉందా అంటే, ఉంది. మెదడు అడుగు భాగం నుంచి వెన్నుపాములోకి దిగే నరాలు సెరటోనిన్, నోరాడ్రినలిన్ అనే రసాయనాల సాయంతో నొప్పి సంకేతాలను అణచివేస్తాయి. డిప్రెషన్‌కు ఇచ్చే మందుల్లో చాలావాటి పని కూడా ఆ రసాయనాలతోనే. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులను నరాల నొప్పికి కూడా రాయడం అందుకే.

1. మొక్క ఏదో తేల్చుకోండి

అందరికీ తొందర ల్యాబ్‌లోకి వెళ్లాలని. కానీ సగం పరిశోధనలు పాడయ్యేది పొలం గట్టు మీదే. మొక్కను పూలతోనో కాయలతోనో సహా కోసి, నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్రవేత్త చేత గుర్తింపు రాయించి, ఒక నమూనాను హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, నంబరు వేయించి దాచండి. దీన్నే వోచర్ స్పెసిమెన్ అంటారు. మీ రిపోర్టులో ఆ నంబరు లేకపోతే, రేపు ఇంకొకరు అదే పని మళ్లీ చేసి చూడాలన్నా దారి ఉండదు.

పేరు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1990ల తొలి ఏళ్లలో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో స్టెఫానియా టెట్రాండ్రా అనే మొక్క వేర్లకు బదులు అరిస్టోలోకియా ఫాంగ్చి వేర్లు కలిశాయి. చైనా భాషలో రెండింటి పేర్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి. వంద మందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి ఆ తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. వాడుక పేర్లను నమ్మి పని మొదలుపెట్టకండి. ఒక ఊళ్లో ఒక పేరుతో పిలిచే మొక్క పక్క ఊళ్లో వేరే మొక్క కావచ్చు.

బజారులో దొరికే పొడులతో మాత్రం అసలు చేయకండి. నొప్పుల పొడుల్లో డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ లాంటి అల్లోపతి మందులు దొంగతనంగా కలిపిన సంఘటనలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. అలాంటి పొడితో పరీక్ష చేస్తే ఫలితం అద్భుతంగా వస్తుంది. అది మొక్క గొప్పతనం కాదని మీకు తెలిసే దారే ఉండదు.

ఏ భాగం కోశారు, ఏ నెలలో కోశారు, మొక్క పూత మీద ఉందా లేదా అన్నవి కూడా నోట్ చేయండి. ఆకులో ఉన్నది వేరులో ఉండకపోవచ్చు, వేసవిలో ఉన్నంత వానాకాలంలో ఉండకపోవచ్చు.

2. సారం తీయడం

కోసిన ఆకులను కడిగి నీడలో ఆరబెట్టండి. 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి. ఎండలో పెడితే త్వరగా ఆరతాయి గానీ, వేడికి, వెలుతురికి చెడిపోయే పదార్థాలు అక్కడే పోతాయి. చేత్తో నలిపితే పెళపెళలాడేంత ఎండాక ముతక పొడి చేయండి. మరీ మెత్తగా చేస్తే వడపోతలో ఫిల్టర్ మూసుకుపోయి ప్రాణం తీస్తుంది.

ద్రావకం ఎంచుకోవడమే ఇక్కడ అసలు నిర్ణయం. ముందుగా పెట్రోలియం ఈథర్‌తోనో హెక్సేన్‌తోనో కొవ్వు, పచ్చరంగు కొంత తీసేసి, ఆ తర్వాత ఇథైల్ అసిటేట్, మెథనాల్, నీళ్లు ఇలా క్రమంగా వెళ్తే ఏ భాగంలో గుణం ఉందో పట్టుకోవచ్చు. జనం ఆ మొక్కను కషాయంగా వాడతారని విని మీరు పరీక్షకు దిగినట్టయితే, నీళ్లతో తీసిన సారాన్ని కచ్చితంగా ఉంచండి. కషాయం సంగతి తేల్చడానికి బయల్దేరి మెథనాల్ సారం ఒక్కటే పరీక్షించి ఆగిపోతే, అసలు ప్రశ్నకు జవాబు దొరకనట్టే. ఏది తీయాలో తేలనప్పుడు 70 శాతం ఇథనాల్ మంచి మధ్యేమార్గం.

పొడిని ద్రావకంలో మూడు రోజులు నానబెట్టి రోజూ కలుపుతూ వడకట్టడం మెసరేషన్. వేడి ద్రావకాన్ని పొడి మీదకు మళ్లీ మళ్లీ పంపే సాక్స్‌లెట్ పరికరంలో అయితే గంటల్లో పనైపోతుంది కానీ వేడి తగులుతుంది. వేడికి ఆగని పదార్థాలుంటాయని అనుమానం ఉంటే నానబెట్టడమే మేలు. వడకట్టిన ద్రవాన్ని రోటరీ ఎవాపరేటర్‌లో 40 నుంచి 45 డిగ్రీల దగ్గర తక్కువ పీడనంలో ఇంకించి, మిగిలిన ముద్ద బరువు ఇక మారకుండా నిలబడేదాకా ఆరబెట్టండి. ఇది చిన్న విషయం కాదు. లోపల మెథనాల్ మిగిలిపోతే మీరు పరీక్షించేది మొక్కనా, మెథనాల్‌నా?

వంద గ్రాముల పొడి నుంచి 8 గ్రాముల సారం వస్తే దిగుబడి 8 శాతం. ఈ అంకె పక్కన రాసి పెట్టుకోండి, డోసు దగ్గర దీనితో పని పడుతుంది. సారాన్ని చిన్న చిన్న సీసాల్లో పంచి, గాలి చొరకుండా మూతపెట్టి, మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. పెద్ద సీసా ఒక్కటే పెట్టి రోజూ తెరిస్తే తేమ చేరి జిగురు ముద్ద అవుతుంది.

3. లోపల ఏముందో చూడటం

రంగు పరీక్షలు త్వరగా అయిపోతాయి. ఆల్కలాయిడ్లకు డ్రాగెండార్ఫ్, మేయర్, ఫ్లావనాయిడ్లకు షినోడా, టానిన్లకు ఫెరిక్ క్లోరైడ్, సపోనిన్లకు నురుగు పరీక్ష. ఇవి అందరూ చేస్తారు, దాదాపు ప్రతి మొక్కలోనూ దాదాపు అన్నీ ఉన్నట్టే వస్తాయి. వీటితో ఆగిపోతే ఏమీ తెలియనట్టే. కనీసం ఒక హెచ్‌పీఎల్‌సీ ఫింగర్‌ప్రింట్, అంటే సారంలోని పదార్థాలను విడదీసి చూపించే గ్రాఫు, తీయించి, తెలిసిన ఒక పదార్థాన్ని గుర్తుగా పెట్టుకుని సారంలో అది ఎంత శాతం ఉందో కొలవండి. రేపు రెండో బ్యాచ్ తీసినప్పుడు అది మొదటి బ్యాచ్ లాంటిదేనా అని అడిగితే చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ గ్రాఫే.

ఎంజైములతో గాజు గొట్టంలో చేసే పరీక్షలు, అంటే నొప్పికి కాక్స్ ఎంజైమును (నొప్పి, వాపు తెచ్చే పదార్థాలను తయారుచేసేది), డిప్రెషన్‌కు ఎంఏఓ ఎంజైమును (సెరటోనిన్ లాంటివాటిని విరిచేసేది) సారం అడ్డుకుంటుందా అని చూసేవి, జంతువుల జోలికి వెళ్లకముందే చేయండి. పనికిరాని సారాలు కొన్ని ఇక్కడే తేలిపోతాయి. కాకపోతే టానిన్లు ఎక్కువున్న సారం ప్రోటీన్లకు అతుక్కుని ఏ ఎంజైమునైనా అడ్డుకున్నట్టే కనిపిస్తుంది. పసుపులోని కర్‌క్యుమిన్‌కైతే పరీక్షలను తికమకపెట్టే పదార్థమని పేరే పడిపోయింది. అది సొంతంగా మెరుస్తుంది, ప్రోటీన్లతో ఇష్టమొచ్చినట్టు చర్య జరుపుతుంది, నిలకడగా ఉండదు. గాజు గొట్టంలో గెలిచిన సారం శరీరంలో గెలిచిందని రాయకండి.

4. అనుమతి, జంతువులు, గుంపులు

జంతువులను కొనకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి. మనం చేయబోయేది కావాలని నొప్పి కలిగించే పని, ఈ మాట ఎక్కడా మరిచిపోకూడదు. 1959లో రసెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలే నేటికీ ఆధారం: వీలైతే జంతువుల బదులు వేరే పద్ధతి, లేకపోతే తక్కువ సంఖ్య, ఉన్నవాటికి తక్కువ బాధ.

తక్కువ సంఖ్య అంటే గుంపుకు ఆరు అని అందరూ కళ్లు మూసుకుని రాసేస్తారు. ఎంత తేడా చూడాలనుకుంటున్నారు, కొలతల్లో హెచ్చుతగ్గులు ఎంత ఉంటాయి అన్నది వేసుకుని లెక్క కట్టండి. డిప్రెషన్ పరీక్షల్లో ఒక జంతువుకూ ఇంకోదానికీ తేడా బాగా ఉంటుంది, ఎనిమిది నుంచి పది దాకా అవసరం పడొచ్చు. మరీ తక్కువ పెట్టి ఏమీ తేలకపోతే ఆ ప్రాణాలన్నీ వృథానే కదా.

గుంపులు మామూలుగా ఐదు. ఒకటి సారం లేకుండా, దాన్ని కలపడానికి వాడే ద్రవం మాత్రమే ఇచ్చే కంట్రోల్, ఒకటి తెలిసిన మందు ఇచ్చే స్టాండర్డ్, మిగతా మూడు సారం మూడు డోసుల్లో. ఏ చిట్టెలుక ఏ గుంపులోకి వెళ్లాలో చీటీలు తీసో కంప్యూటర్‌తోనో నిర్ణయించండి. బోనులో చెయ్యి పెడితే ముందు దొరికేవి మందకొడి చిట్టెలుకలు. వాటన్నిటినీ కంట్రోల్ గుంపులో వేస్తే మీ మొక్క డిప్రెషన్ మందు అయిపోయినట్టే!

కొలిచే మనిషికి ఏది ఏ గుంపో తెలియకూడదు. సీసాల మీద రంగు చుక్కలు పెట్టి, ఆ రంగుల చిట్టా ఇంకొకరి దగ్గర ఉంచండి. కనీసం వారం రోజులు జంతువులను కొత్త గదికి అలవాటు పడనివ్వండి. పరీక్షలన్నీ రోజూ ఒకే వేళలో చేయండి. కొలిచే మనిషి కూడా మారకపోతే మంచిది. మగవాళ్ల వాసన తగిలితే చిట్టెలుకలు ఒత్తిడికి లోనై నొప్పికి తక్కువగా స్పందిస్తాయని 2014లో మాంట్రియల్ పరిశోధకులు చూపించారు. మగవాళ్లు తొడిగి విడిచిన టీషర్టు దగ్గర పెట్టినా అదే జరిగింది. సోమవారం ఒక అబ్బాయి, మంగళవారం ఒక అమ్మాయి కొలిస్తే ఆ తేడా మొక్క ఖాతాలో పడుతుంది.

5. డోసు, అది లోపలికి వెళ్లే తీరు

ముందు విషపు పరీక్ష. ఓఈసీడీ సంస్థ పెట్టిన 423వ నంబరు పరీక్షా పద్ధతిలో ఒక్కో మెట్టుకు మూడు జంతువులే చాలు, మామూలుగా ఆడవి వాడతారు. ప్రమాదం లేదని నమ్మకం ఉంటే కేజీకి 2000 మి.గ్రా. తో, లేదంటే 300 తో మొదలుపెట్టి 14 రోజులు గమనించాలి. మొదటి నాలుగు గంటలు పక్కనే కూర్చోండి. నడక మారిందా, కళ్లు మూతలు పడుతున్నాయా, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా అన్నవన్నీ రాయండి. మత్తు లక్షణం ఇక్కడే మొదటిసారి కంటపడుతుంది. చావలేదు కాబట్టి సేఫ్ అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయేవాళ్లు ఈ సూచనను చేజార్చుకుంటారు.

2000 దగ్గర ఏమీ కాకపోతే 100, 200, 400 తీసుకోవడం రివాజు. ఈ 400 ఎంతో ఒకసారి ఊహించండి. చిట్టెలుక డోసును 12.3 తో భాగిస్తే మనిషికి దాదాపు సమానమైన డోసు వస్తుంది. 400 ని భాగిస్తే కేజీకి 32.5 మి.గ్రా., 60 కేజీల మనిషికి దాదాపు 2 గ్రాముల సారం. దిగుబడి 8 శాతమైతే అది 24 గ్రాములకు పైగా ఎండు ఆకు. పరవాలేదు, కష్టమైనా తాగగలిగినంత. అదే కేజీకి 1000 మి.గ్రా. దగ్గర మాత్రమే పనిచేసిందంటే రోజుకు 60 గ్రాముల ఎండు ఆకు అన్నమాట. అలాంటి ఫలితాన్ని సంప్రదాయ వాడకానికి రుజువుగా చూపకూడదు.

ఇక కలపడం. 25 గ్రాముల చిట్టెలుకకు కేజీకి 10 మి.లీ. చొప్పున ఇచ్చేది 0.25 మి.లీ. కేజీకి 200 మి.గ్రా. అంటే దానికి 5 మి.గ్రా. కాబట్టి ద్రవంలో మి.లీ. కు 20 మి.గ్రా. ఉండాలి. 100 డోసుకు 10, 400 డోసుకు 40. ఘనపరిమాణం అన్నిటికీ ఒకటే, చిక్కదనమే మారుతుంది. నీళ్లలో కరగని సారాన్ని 0.5 శాతం సీఎంసీ అనే జిగురు ద్రవంలోనో, కలవనివాటిని కలిపే ట్వీన్ 80 కాస్త వేసో కలపొచ్చు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వాడకపోవడమే మంచిది, నొప్పి మీద దానికే సొంత ప్రభావం ఉంది.

నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒక బ్యాచ్ మొత్తం పాడుచేసిన సంగతి చెప్పాలి. సారం సీఎంసీలో బాగానే కలిసినట్టు కనిపించింది. నోటి గుండా నేరుగా కడుపులోకి పంపే గావేజ్ సూదితో ఒక్కో చిట్టెలుకకు ఇస్తూ పోయాను. ఫలితాలు చూస్తే గుంపులో మొదటి మూడింటికి ఏమీ లేదు, చివరి మూడూ సగం నిద్రలో ఉన్నాయి. రోజంతా తల పట్టుకున్నాక సీసా ఎత్తి వెలుతురులో చూశాను. అడుగున వేలెడు మందాన బురదలాంటి మడ్డి. మొదటివాటికి పైన తేరిన నీళ్లు, చివరివాటికి అడుగు ముద్ద తాగించానన్నమాట. అప్పట్నుంచి ప్రతి సిరంజి నింపే ముందు సీసాను పది లెక్కపెట్టేంతసేపు తిప్పుతాను. మాగ్నెటిక్ స్టిరర్ మీద తిరుగుతుండగానే తీసుకోగలిగితే ఇంకా మేలు.

6. నొప్పి పరీక్షలు

ఒక్క పరీక్షతో ఆపకండి. కనీసం రెండు, అవి కూడా వేర్వేరు రకాలవి కావాలి.

రైథింగ్ టెస్ట్ అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా మోసకారి. సారం తాగించిన గంటకు 0.6 శాతం అసిటిక్ ఆసిడ్‌ను కేజీకి 10 మి.లీ. చొప్పున కడుపులోకి ఇంజెక్ట్ చేస్తారు. చిట్టెలుక పొట్ట లోపలికి పీక్కుని, నడుం మెలితిప్పి, వెనక కాళ్లు సాగదీస్తుంది. అది ఒక మెలిక. ఐదు నిమిషాలు ఆగి, ఆపై 20 నిమిషాలు మెలికలు లెక్కపెట్టాలి. కంట్రోల్‌లో సగటు 42, సారం ఇచ్చినవాటిలో 21 అయితే అది 50 శాతం తగ్గుదల. స్టాండర్డ్‌గా కేజీకి డైక్లోఫెనాక్ 10 మి.గ్రా. లేదా ఆస్పిరిన్ 100 మి.గ్రా. ఇస్తారు. ఈ పరీక్ష చాలా సున్నితం. మత్తు మందులు, కండరాలను సడలించేవి, అలర్జీ మాత్రలు కూడా ఇందులో నొప్పి మందుల్లాగే కనిపిస్తాయి. అందుకని దీన్ని మొదటి జల్లెడగా మాత్రమే చూడండి.

హాట్ ప్లేట్‌లో పలక వేడి 55 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. పాదం నాకడమో గెంతడమో చేసేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, వెంటనే తీసేయాలి. 15 సెకన్లకు ఏమీ చేయకపోయినా తీసేయాల్సిందే, లేకపోతే పాదం కాలిపోతుంది. మందుకు ముందు 5 సెకన్లు, తర్వాత 9 సెకన్లు అయితే, పెరిగింది 4, పెరగగలిగింది 10, అంటే 40 శాతం ప్రభావం. మందు ఇచ్చాక 30, 60, 90, 120 నిమిషాలకు చూస్తారు. అంతకన్నా ఎక్కువసార్లు పెడితే పలక చూడగానే గెంతడం నేర్చేసుకుంటాయి, గడుసువి. ఇందులో మార్ఫిన్ లాంటివి బాగా తేలతాయి, ఆస్పిరిన్ లాంటివి అంతగా తేలవు. కాబట్టి రైథింగ్‌లో గెలిచి ఇక్కడ ఓడిన సారం పనికిరానిదని కాదు, అది మెదడులో కాకుండా గాయం దగ్గరే పనిచేస్తుండవచ్చు.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఫార్మాలిన్ పరీక్ష అంటాను. 2.5 శాతం ఫార్మాలిన్ 20 మైక్రోలీటర్లు వెనక పాదంలో చర్మం కింద ఇచ్చి, అద్దాల పెట్టెలో వదిలి, వెనక ఒక అద్దం పెట్టి, ఆ పాదాన్ని ఎన్ని సెకన్లు నాకిందో స్టాప్‌వాచ్‌తో కొలవాలి. మొదటి ఐదు నిమిషాలు ఆగకుండా నాకుతుంది. అది సూటిగా నరం అరిచే నొప్పి. తర్వాత శాంతిస్తుంది. 15 నిమిషాల నుంచి 30 దాకా మళ్లీ మొదలవుతుంది. ఇది వాపు తెచ్చే నొప్పి. మార్ఫిన్ రెండు దశలనూ తగ్గిస్తుంది, వాపు మందులు ప్రధానంగా రెండోదాన్నే. ఒకే జంతువులో రెండు రకాల కబురు అందుతుందన్నమాట. ఇక్కడ ఒక తిరకాసు: సీసాలోని ఫార్మాలిన్‌లో ఫార్మాల్డిహైడ్ ఉండేది 37 శాతమే. 2.5 శాతం ఫార్మాలిన్ అంటే 0.92 శాతం ఫార్మాల్డిహైడ్. మీరు చెబుతున్నది దేని శాతమో రిపోర్టులో స్పష్టంగా రాయండి.

7. డిప్రెషన్ పరీక్షలు

ఫోర్స్‌డ్ స్విమ్ టెస్ట్‌ను 1977లో పోర్సోల్ట్ బృందం తెచ్చింది. గాజు గొట్టంలో 23 నుంచి 25 డిగ్రీల నీళ్లు, తోక అడుగు తగలనంత లోతు, ఆరు నిమిషాలు. చివరి నాలుగు నిమిషాల్లో చిట్టెలుక ఎంతసేపు కదలకుండా, తల పైకి ఉంచడానికి కావలసినంత మాత్రం ఆడిస్తూ తేలిందో కొలుస్తారు. ఫ్లూక్సెటిన్, ఇమిప్రమిన్ లాంటివి ఈ సమయాన్ని తగ్గిస్తాయి. నీళ్లు చల్లబడ్డా లెక్కలు మారిపోతాయి, కాబట్టి ప్రతి చిట్టెలుకకూ నీళ్లు మార్చి థర్మామీటర్ పెట్టండి. బయటికి తీయగానే తుడిచి వెచ్చగా ఉంచండి. వీడియో తీసి తర్వాత కొలవడం మంచిది. ఇద్దరు విడివిడిగా కొలిచి సరిపోల్చుకుంటే ఇంకా నమ్మకం. ఎలుకలకైతే పద్ధతి వేరు: ముందురోజు 15 నిమిషాల ఈత, 24 గంటల తర్వాత 5 నిమిషాల పరీక్ష, ఈ మధ్యలో మందు మూడుసార్లు.

టెయిల్ సస్పెన్షన్‌లో తోక చివర టేపు వేసి తలకిందులుగా ఆరు నిమిషాలు వేలాడదీస్తారు. చలితో గొడవ లేదు. సీ57 జాతి చిట్టెలుకలు మాత్రం తోక పట్టుకుని పైకి ఎక్కేస్తాయి, ఆ కొలత పనికిరాదు. తోకకు చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగితే ఎక్కలేవు.

ఈ రెండు పరీక్షల మీద విమర్శలు తక్కువేం కావు. నీళ్లలో కదలకుండా తేలడం నిరాశా, లేక శక్తి ఆదా చేసుకునే తెలివా? మనుషుల్లో డిప్రెషన్ మందులు పనిచేయడానికి వారాలు పడుతుంటే ఇక్కడ ఒక్క డోసుతో ఫలితం ఎలా వస్తోంది? కొన్ని పెద్ద మందుల కంపెనీలు ఈత పరీక్షను వాడటం మానేశాయి కూడా. నా మట్టుకు ఇవి మందుకు స్పందన చూపించే పరీక్షలే తప్ప, డిప్రెషన్‌కు నమూనాలు కావు. సమయం ఉంటే, నాలుగైదు వారాలు చిన్న చిన్న ఒత్తిళ్లు మార్చి మార్చి పెట్టే పద్ధతికి వెళ్లండి. బోను వంచడం, పరుపు పొట్టు తడపడం, రాత్రి లైటు ఆర్పకపోవడం లాంటివి. ఆ తర్వాత మామూలు నీళ్ల సీసా, 1 శాతం చక్కెర నీళ్ల సీసా పక్కపక్కన పెడితే ఆరోగ్యంగా ఉన్నవి తీపికే వెళ్తాయి, కుంగినవి పెద్దగా పట్టించుకోవు. సీసాల చోటు మధ్యలో మార్చండి, కొన్నిటికి ఎడమవైపే అలవాటు.

రెండు ప్రభావాలనూ ఒకే నమూనాలో చూడాలనుకునేవాళ్లు రిసర్పిన్ వాడతారు. 1952లో సర్పగంధ నుంచి వేరుచేసిన పదార్థం ఇది. బీపీ మందుగా వాడినప్పుడు కొందరు రోగులు దిగులుకు లోనయ్యారు. కేజీకి 1 మి.గ్రా. చొప్పున మూడు రోజులు చర్మం కింద ఇస్తే ఎలుకల్లో సెరటోనిన్, నోరాడ్రినలిన్, డోపమిన్ నిల్వలు అడుగంటి, నొప్పికి ఎక్కువగా స్పందించడం, ఈతలో కదలకపోవడం రెండూ కనిపిస్తాయి. మొక్క మనసును కుంగదీయగలదని కూడా ఇదే గుర్తుచేస్తుంది. చిక్కేమిటంటే రిసర్పిన్ వల్ల మామూలు కదలిక కూడా తగ్గుతుంది.

8. మోసం పట్టుకోవడం

ఈ మెట్టు లేకపోతే పైన చేసిందంతా సగం పనే. అదే డోసు, అదే సమయం, వేరే జంతువులు. ఓపెన్ ఫీల్డ్ అనే ఖాళీ పెట్టెలో ఐదు నిమిషాలు వదిలి ఎంత దూరం తిరిగిందో చూడండి. తిరిగే కడ్డీ మీద, అదే రోటారాడ్ మీద, ముందుగా నిలబడటం నేర్పించి, సారం ఇచ్చాక ఎంతసేపు నిలుస్తుందో చూడండి.

కడ్డీ మీంచి పడిపోతున్నా, పెట్టెలో తిరగడం తగ్గినా, ఆ డోసు దగ్గర వచ్చిన నొప్పి ఫలితాన్ని నొప్పి ఫలితమని రాయొద్దు. పెట్టెలో తిరగడం బాగా పెరిగితే ఈత ఫలితాన్ని నమ్మొద్దు. కెఫీన్, ఎఫిడ్రిన్ లాంటివి ఉన్న మొక్కలన్నీ ఈ వలలో పడతాయి. పెద్ద డోసులో తేడా ఉండి చిన్న డోసులో లేకపోతే, చిన్న డోసు ఫలితాలతోనే మాట్లాడండి. నొప్పి తగ్గి, ఈతలో నిశ్చలత తగ్గి, పెట్టెలో తిరుగుడు మాత్రం ఏమాత్రం మారలేదా? అప్పుడు చేతిలో ఏదో ఉందని అనుకోవచ్చు.

ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడం ఆ తర్వాతి సంగతి. మార్ఫిన్ పనిని అడ్డుకునే నలోక్సోన్ ముందుగా ఇస్తే నొప్పి ప్రభావం పోయిందంటే మార్ఫిన్ వెళ్లే దారిలోనే వెళ్తోందని అర్థం. అలవాటు పడే గుణం ఉందేమో చూడాల్సిన బాధ్యత కూడా వచ్చిందని అర్థం. పీసీపీఏ అనే రసాయనం నాలుగు రోజులు ఇచ్చి సెరటోనిన్ తయారీ ఆపేశాక ఈత ప్రభావం పోతే, దారి సెరటోనిన్‌దే.

9. లెక్కలు

ఐదు గుంపులను రెండేసి చొప్పున టీ టెస్ట్‌తో పోల్చుకుంటూ పోతే పది పోలికలవుతాయి. ఒక్కోదానిలో తప్పుకు 5 శాతం అవకాశమే అయినా, అవన్నీ వేటికవే అనుకుంటే పదింటిలో ఎక్కడో ఒకచోట లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం 40 శాతం దాకా పెరుగుతుంది. ముందు అన్ని గుంపులనూ ఒకేసారి పోల్చే అనోవా, తర్వాత కంట్రోల్‌తో పోల్చే డనెట్ పరీక్ష చేయండి. హాట్ ప్లేట్‌లో ఒకే చిట్టెలుకను మళ్లీ మళ్లీ కొలిచారు కాబట్టి అందుకు తగిన రిపీటెడ్ మెజర్స్ పద్ధతి వాడండి. కొలతలు వంకరగా చెదిరి ఉంటే అనోవా బదులు క్రస్కల్ వాలిస్ పరీక్ష. గ్రాఫులో సగటు కడ్డీలు మాత్రమే గీయకుండా ఒక్కో జంతువుకు ఒక్కో చుక్క పెట్టండి. ఏ జంతువునైనా లెక్కలోంచి తీసేస్తే, తీసేసే నియమం పరీక్షకు ముందే రాసి ఉండాలి, తర్వాత పుట్టకూడదు. రిపోర్టు రాసేటప్పుడు, జంతు పరిశోధనలను ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాల చిట్టా పక్కన పెట్టుకోండి. 2010లో వచ్చి 2020లో కొత్త రూపం దిద్దుకున్నాయి. గుంపులు ఎలా పంచారు, కొలిచే మనిషికి గుంపు తెలుసా లాంటి ప్రశ్నలన్నీ అందులో వరుసగా ఉంటాయి.

మీ సారం అన్నీ దాటి నిలబడిందనుకుందాం. మనుషుల దాకా తీసుకెళ్లే ముందు చూడాల్సింది మిగతా మందులతో దాని గొడవలు. సెయింట్ జాన్స్ వర్ట్ మామూలు డిప్రెషన్‌కు పనిచేస్తుందని మనుషుల్లో జరిగిన పరీక్షలే చూపించాయి. అదే మొక్క కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమును పెంచి, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్‌ను, గర్భనిరోధక మాత్రలను, కొన్ని హెచ్‌ఐవీ మందులను రక్తంలో తగ్గించేస్తుంది. ఫ్లూక్సెటిన్ లాంటి వాటితో కలిస్తే సెరటోనిన్ హద్దు దాటి ప్రాణం మీదకు రావచ్చు. మొక్క పనిచేయడం వల్ల వచ్చిన చిక్కే ఇది. అందుకని మైనస్ 20 లో దాచిన చిన్న సీసాల్లో రెండింటిని ముట్టుకోకుండా ఉంచండి. కాలేయ ఎంజైముల పరీక్ష చేయించే రోజున, జంతువులకు ఇచ్చిన అదే బ్యాచ్ పంపాల్సి ఉంటుంది.